మనవాడు సరే, మనవాళ్లో?

ఇంగ్లండ్, పోర్చుగల్ ఒకరికొకరు అండగా నిలుస్తామని రాసుకున్న తొలి ఒప్పందం 1373 నాటిది. 1386లో విండ్సర్‌లో దాన్ని మరింత బిగించారు. నేటికీ చెల్లుబాటులో ఉన్న మైత్రీ ఒప్పందాల్లో దీనికన్నా పాతది లేదని చరిత్రకారులు చెబుతారు. అయితే ఒప్పందాలు రాజులవీ రాయబారులవీ. మాంచెస్టర్‌లో బస్సు నడిపే మనిషికీ, లిస్బన్‌లో చేపలమ్మే మనిషికీ వాటితో పనిలేదు. వాళ్లిద్దరూ ఒకే సాయంత్రం ఒకే విషయం గురించి వాదించుకునేలా చేసింది ఫుట్‌బాల్. దాన్ని చూపించి, బ్రిటిష్, పోర్చుగీసు అభిమానుల మధ్య ఈ ఆట సాంస్కృతిక వారధి కట్టిందని రాసేవాళ్లు చాలామంది. కట్టిన మాట నిజమేనని, కాకపోతే అందరూ చూపించే చోట కాదని నా అభిప్రాయం. దేశాల జట్లు తలపడే పెద్ద టోర్నీల్లో ఆ వారధికి నిప్పంటుకుంటూ ఉంటుంది. ఏడాది పొడవునా ఆడే క్లబ్బుల్లో, శిక్షణ మైదానాల్లో మళ్లీ లేస్తూ ఉంటుంది. ఈ మాటను నేరుగా వ్యాసంగా రాస్తే ఎదురు ప్రశ్నలు మెత్తబడిపోతాయి. అందుకని పూర్వపక్షాన్ని ఒక రిటైరైన చరిత్ర మాష్టారికి అప్పగించాను. జవాబు చెప్పేది ఆయన పాత శిష్యుడు, ఇప్పుడు పత్రికలో ఆటల పేజీ చూసే విలేకరి. ఇద్దరూ కల్పితమే, వాళ్లు చెప్పే సంగతులు కావు.

మాష్టారు: వారధి అని రాయడం తేలికే. ఈ రెండు దేశాల మధ్య నడిచింది స్నేహం కన్నా ఎక్కువగా వ్యాపారం, అదీ ఒక పక్కకు ఒరిగిన వ్యాపారం. 1703 నాటి మెథ్యూయెన్ ఒప్పందం తీసుకో. ఇంగ్లిష్ ఉన్నిబట్ట పోర్చుగల్‌లోకి, పోర్చుగల్ ద్రాక్షసారా ఇంగ్లండ్‌లోకి సులువుగా వచ్చేలా రాసుకున్నారు. పోర్టో రేవు నుంచి వెళ్లే సారా ఎగుమతి చాలామటుకు బ్రిటిష్ షావుకార్ల చేతుల్లోనే ఉండిపోయింది. ఇక 1890 జనవరి. అంగోలా నుంచి మొజాంబిక్ దాకా ఆఫ్రికా ఖండాన్ని అడ్డంగా కలిపేసుకోవాలని పోర్చుగల్ ఒక మ్యాపు గీసుకుంది. మధ్యలో నేల మాకు కావాలి, మీ దళాలను వెనక్కి పిలవండని లండన్ అల్టిమేటమ్ పంపింది. లిస్బన్ తలవంచింది. ఆ అవమానానికి జనం రగిలిపోతున్న రోజుల్లో ఆల్ఫ్రెడో కీల్ బాణీ కట్టిన పాటే తరవాత, 1911లో, పోర్చుగల్ జాతీయగీతమైంది. అంటే ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు ముందు పోర్చుగల్ ఆటగాళ్లు గుండె మీద చెయ్యి వేసుకుని పాడేది బ్రిటన్ మీద కోపంతో పుట్టిన పాట. నీ వారధికి పునాది ఇదా?

విలేకరి: పునాది అక్కడికి కొంచెం పక్కన ఉంది మాష్టారూ. మీ అల్టిమేటమ్‌కు సరిగ్గా ఏడాది ముందు, 1889 జనవరిలో, లిస్బన్‌లో పోర్చుగీసులకూ అక్కడ కాపురముంటున్న ఇంగ్లిష్ వాళ్లకూ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఏర్పాటు చేసింది పింటో బాస్టో సోదరులు, బంతి వచ్చింది ఇంగ్లండ్ నుంచి. లిస్బన్ పక్కన కార్కవెలోస్ అని సముద్రతీరపు ఊరుంది. ఇంగ్లండ్‌లోని పోర్త్‌కర్నో నుంచి 1870లో వేసిన సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ అక్కడ గట్టెక్కి, జిబ్రాల్టర్, మాల్టా, సూయెజ్, ఏడెన్ మీదుగా మన బొంబాయి దాకా వచ్చింది. లండన్ నుంచి మన దేశానికి పరుగెత్తిన తంతి వార్తలను అక్కడ అందుకుని ముందుకు పంపిన గుమాస్తాలే తీరిక వేళ ఫుట్‌బాల్ ఆడేవారు. లిస్బన్ చుట్టుపక్కల చాలాకాలం వాళ్లదే గట్టి జట్టు. ఇప్పటి బెన్‌ఫికాకు తొలి రూపమైన స్పోర్ట్ లిస్బోవా 1907లో వాళ్లను ఓడించడం పోర్చుగీసు ఫుట్‌బాల్ చరిత్రలో ఒక మలుపు. పోర్టోలో చూస్తే, ఆ ఊరి క్లబ్‌ను 1893లో మొదలుపెట్టిన ఆంటోనియో నికొలావ్ దె అల్మేడా ద్రాక్షసారా వ్యాపారి. ఇంగ్లండ్ ప్రయాణాల్లో ఈ ఆట చూసి మోజుపడ్డాడు. మీరు ఒరిగిపోయిందన్న వ్యాపారమే ఆటను ఓడెక్కించి తెచ్చింది. అల్టిమేటమ్ కోపం ఆరీ ఆరకముందే, మూడేళ్లకే, అదే ఊళ్లో ఇంగ్లిష్ ఆట కోసం క్లబ్ పెట్టుకున్నారు.

మాష్టారు: దొర ఆడే ఆటను నేర్చుకున్నంత మాత్రాన దొరతో చుట్టరికం కుదిరినట్టా? మనం క్రికెట్ నేర్చుకున్నాం. అది మనదైపోయింది, ఇంగ్లిష్ వాడికి దగ్గరైంది మాత్రం లేదు, వాణ్ని ఓడించడంలో సుఖం తెలిసిందంతే. పోర్చుగల్‌కైతే ఆ సుఖం కూడా ఆలస్యంగానే దక్కింది. 1947 మేలో ఇంగ్లండ్ జట్టు లిస్బన్ పక్కన జామోర్‌లోని నేషనల్ స్టేడియంలో దిగి 10–0తో గెలిచి వెళ్లింది. టామీ లాటన్ నాలుగు, స్టాన్ మార్టెన్సన్ నాలుగు. సొంత జనం ముందు పది గోల్స్! ఒకడు బెత్తం పట్టుకుని, ఇంకొకడు చెయ్యి చాపితే దాన్ని వారధి అనరు నాయనా, బడి అంటారు.

విలేకరి: బడి అనే ఒప్పుకుంటాను, కానీ ఆ పిల్లవాడు ఎంతకాలం పిల్లవాడిగా ఉన్నాడు? ఎనిమిదేళ్లకు, 1955లో, పోర్చుగల్ పోర్టోలో ఇంగ్లండ్‌ను 3–1తో ఓడించింది. 1961, 1962లో బెన్‌ఫికా వరసగా రెండుసార్లు యూరోపియన్ కప్ గెలిచింది. ఏ బ్రిటిష్ క్లబ్‌కూ అప్పటికి ఆ కప్పు అందలేదు. నా వాదన మొదలయ్యేది ఇక్కడ్నుంచే, ఇద్దరూ సమానమయ్యాక. 1966 ప్రపంచ కప్‌లో పోర్చుగల్ తొలి మ్యాచ్‌లు మాంచెస్టర్, లివర్‌పూల్‌లలో ఆడింది. గుడిసన్ పార్క్‌లో బ్రెజిల్‌ను 3–1తో ఇంటికి పంపింది. అదే మైదానంలో ఉత్తర కొరియా మీద 0–3తో వెనకబడి, యూసేబియో ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టగా 5–3తో గెలిచింది. ఉత్తర ఇంగ్లండ్ రేవు కార్మికులూ మిల్లు కార్మికులూ కళ్లారా చూసిన ఆట అది. అంతకు నాలుగు నెలల ముందు లిస్బన్‌లో దీనికి తిరుగుపక్క జరిగింది. బెల్‌ఫాస్ట్ కుర్రాడు జార్జ్ బెస్ట్ మాంచెస్టర్ యునైటెడ్ తరఫున చెలరేగి, బెన్‌ఫికాను వాళ్ల సొంత గడ్డ మీద 5–1తో ఓడించాడు. మర్నాడు అతనికి ఐదో బీటిల్ అని పేరు పెట్టింది పోర్చుగీసు పత్రికలే. తమను చితక్కొట్టినవాణ్ని అలా ముద్దుచేశారు. ఇక 1968, వెంబ్లీ, యూరోపియన్ కప్ ఫైనల్, మళ్లీ అవే రెండు క్లబ్బులు. స్కోరు 1–1, ఆట ముగిసే ముందు యూసేబియోకు గోల్‌కీపర్ తప్ప అడ్డు లేదు. అతను కొట్టిన బంతిని అలెక్స్ స్టెప్నీ పట్టేశాడు. యూసేబియో నిలబడి చప్పట్లు కొట్టాడు. అదనపు సమయంలో మాంచెస్టర్ 4–1తో గెలిచింది గానీ, ఆ ఫైనల్ అనగానే ఇంగ్లిష్ అభిమానులు ఇప్పటికీ ఆ చప్పట్లను తలచుకోకుండా ఉండరు.

మాష్టారు: యూసేబియోను తెచ్చావు కాబట్టి అడుగుతున్నా. అతను పుట్టింది మొజాంబిక్‌లో, 1942లో, అప్పటికది పోర్చుగల్ వలస. కెప్టెన్ కొలూనా కూడా అక్కడివాడే. వాళ్లిద్దరూ వెంబ్లీలో ఎర్ర చొక్కాలతో ఆడుతున్న రోజుల్లోనే సలజార్ సైన్యం అంగోలాలో, గినీలో, మొజాంబిక్‌లో స్వాతంత్ర్య పోరాటాలను అణచడానికి యుద్ధాలు చేస్తోంది. ఇంగ్లిష్ అభిమాని ప్రేమించింది పోర్చుగల్‌నా, పోర్చుగల్ తన సామ్రాజ్యపు అలంకారంగా చూపించుకున్న ఒక ఆఫ్రికన్‌నా? ఇంకో మాట. 1966 సెమీఫైనల్ లివర్‌పూల్‌లో అనుకుంటే దాన్ని వెంబ్లీకి మార్చారని పోర్చుగీసులకు ఇప్పటికీ మంట. ఇంగ్లండ్ 2–1తో గెలిచింది, యూసేబియో ఏడుస్తూ మైదానం వదిలాడు. పోర్చుగల్‌లో దాన్ని కన్నీళ్ల మ్యాచ్ అనే అంటారు. ఓడి, ఏడ్చి, చప్పట్లు కొట్టి వెళ్లిపోయినవాణ్ని ప్రేమించడం ఏం గొప్ప? గెలిచిన పోర్చుగీసును ఇంగ్లండ్ ఎలా చూసిందో చెప్పు. 2004 జూన్ 24, లిస్బన్, యూరో క్వార్టర్‌ఫైనల్. 2–2 తరవాత పెనాల్టీలు. గోల్‌కీపర్ రికార్డో గ్లవ్స్ తీసేసి ఒక పెనాల్టీ ఆపాడు, తరవాతి పెనాల్టీ తనే కొట్టి గెలిపించాడు. నిజానికి అదొక అద్భుతం. ఇంగ్లండ్‌లో మాత్రం సోల్ క్యాంప్‌బెల్ గోల్ చెల్లదన్న స్విస్ రిఫరీ ఉర్స్ మయర్ మీద పత్రికలు దండెత్తాయి. అతనికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. అదే రాత్రి నార్‌ఫోక్‌లోని థెట్‌ఫర్డ్ అనే చిన్న పట్నంలో, పొలాలకూ ఫ్యాక్టరీలకూ కూలికి వచ్చిన పోర్చుగీసులు మ్యాచ్ చూస్తున్న పబ్ మీద గుంపు పడింది. అద్దాలు పగిలాయి, లోపలివాళ్లు బయటికి రాలేక బిక్కుబిక్కుమంటూ ఉండిపోయారు. వారధి మీద నడిచి వచ్చినవాళ్లకు దొరికిన మర్యాద అది.

ఇక్కడ మాష్టారిదే పైచెయ్యి. థెట్‌ఫర్డ్ ఘటనను తాగుబోతుల అల్లరిగా కొట్టిపారేసే రాతలు చదివాను. ఆ సంజాయిషీ నాకు రుచించదు. తాగినవాడు కూడా ఏ కిటికీ మీద రాయి వెయ్యాలో ఎంచుకునే వేస్తాడు. విలేకరి దీన్ని పక్కన పెట్టకుండా ముందుకు పోవాలి.

విలేకరి: థెట్‌ఫర్డ్‌ను తోసిపుచ్చను. యూసేబియో సంగతి కూడా మీరన్నంత నిజమే. ఆ ప్రేమలో సామ్రాజ్యం గురించిన ఆలోచన ఉందని ఎవరూ నమ్మరు. కానీ మీరు చూపించిన మంటలన్నీ ఒకే చోట రేగాయి, గమనించారా? దేశం తరఫున ఆడే మ్యాచ్‌లో, అదీ ఓడితే ఇంటికే అన్నచోట. ఇక 2006 తీసుకోండి. గెల్సెన్‌కిర్చెన్‌లో ప్రపంచ కప్ క్వార్టర్‌ఫైనల్, మళ్లీ పెనాల్టీలు, రికార్డో మూడు ఆపాడు, మళ్లీ పోర్చుగలే. వేన్ రూనీకి రెడ్ కార్డ్ పడగానే, మాంచెస్టర్‌లో అతని పక్కనే ఆడే క్రిస్టియానో రొనాల్డో తమ బెంచ్ వైపు చూసి కన్నుగీటాడు. ఇంగ్లండ్ అంతా అతన్ని దుమ్మెత్తిపోసింది. తరవాతి సీజన్‌లో ఏ ఊరు పోయినా గేలి. సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాత్రం అతను మనవాడు. ఆ ఏడాది మాంచెస్టర్ యునైటెడ్ లీగ్ గెలిచింది. రూనీ, రొనాల్డో ఒకరికొకరు పాసులిచ్చుకుంటూనే గెలిచారు. ముందటేడు ఉతికి ఆరేసిన ఇంగ్లిష్ పత్రికల క్రీడా రచయితలే 2007లో ఓటేసి అతన్ని ఆ ఏటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. దేశపు మ్యాచ్ నాలుగేళ్లకో రెండేళ్లకో ఒకసారి వస్తుంది, రెండు గంటల్లో గాయం చేసి పోతుంది. క్లబ్ మ్యాచ్ వారం వారం ఉంటుంది. గాయం మానేది అక్కడ.

విలేకరి మాట ఇంకా అవలేదు. ఆవేశం ఎక్కడ మొదలవుతుందో చూద్దామని, 2004లో గొడవలు జరిగిన చోట్లనూ జరగని చోట్లనూ పక్కపక్కన పెట్టాడు. ఇంగ్లిష్ అభిమానులు ఆ జూన్‌లో వేలకు వేలుగా పోర్చుగల్ వెళ్లారు. క్లిఫర్డ్ స్టాట్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఆ గుంపుల వెంట తిరిగి అధ్యయనం చేశారు. మ్యాచ్‌లు జరిగిన నగరాల్లో బందోబస్తు చూసింది పీఎస్‌పీ అనే పోలీసు దళం. వాళ్లు హెల్మెట్లూ లాఠీలూ కనపడనివ్వకుండా, మామూలు యూనిఫాంలో ఇద్దరిద్దరుగా జనంలో కలిసి తిరిగారు, కబుర్లు చెప్పారు, దారి చూపించారు. తుంటరి ఎవరైనా తోక ఝాడిస్తే పక్కనున్న ఇంగ్లిష్ అభిమానులే సర్దిచెప్పిన సందర్భాలున్నాయి. పెద్ద గొడవలు జరిగింది అల్బుఫేరాలో, మ్యాచ్‌లే లేని విహార పట్నంలో. అక్కడ బాధ్యత జీఎన్‌ఆర్ అనే వేరే దళానిది, దాని పద్ధతి వేరు. వెళ్లినవాళ్లు అదే ఇంగ్లండ్ జనం, తాగింది అదే బీరు. ఎదురైన తీరు మారితే నడవడి మారింది.

మాష్టారు: అధ్యయనం బాగుంది. అయితే అది పోలీసు పని గురించి చెప్పింది, సంస్కృతి గురించి కాదు. పైగా అదే పోర్చుగల్ గురించి ఇంకో అధ్యాయం ఉంది. 2021 మే 29, కోవిడ్ కాలం. ఇస్తాంబుల్‌లో జరగాల్సిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను పోర్టోకు మార్చారు, ఆడేది చెల్సీ, మాంచెస్టర్ సిటీ, రెండూ ఇంగ్లిష్ జట్లే. దాదాపు ఆ సీజనంతా పోర్టో జనాన్ని తమ సొంత జట్టు మ్యాచ్‌లకు స్టేడియంలోకి రానివ్వలేదు. ఇంగ్లిష్ వాళ్లను మాత్రం వేలల్లో రానిచ్చారు. వాళ్లు మాస్కుల్లేకుండా నది ఒడ్డున తాగి, కొట్టుకున్నారు. ఇంటివాడు వీధిలో నిలబడితే చుట్టం వచ్చి నట్టింట్లో కూర్చున్నట్టయింది. టికెట్ కొన్నవాడికి ఒక రూలు, ఊరివాడికి ఒక రూలు. ఇక నీ రొనాల్డో సంగతి. లిస్బన్‌లో స్పోర్టింగ్ క్లబ్ కొత్త స్టేడియం ప్రారంభానికి 2003 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ వచ్చి ఆడింది, 3–1తో ఓడింది, తమను ఆడుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని కొనుక్కుపోయింది. పోర్చుగల్ పిల్లల్ని తయారు చేస్తుంది, ప్రీమియర్ లీగ్ డబ్బు పోసి ఎత్తుకుపోతుంది. మెథ్యూయెన్ కాలంలో పీపాలు పోయాయి, ఇప్పుడు కుర్రాళ్లు పోతున్నారు. గోల్ కొట్టినన్నాళ్లు మనవాడు, ఆ తరవాత ఎవడో.

విలేకరి: పోర్టోలో జరిగింది తలవంపులే, దాన్ని సమర్థించను. డబ్బు ఒకవైపుకే పారుతోందన్నదీ నిజం. విద్య మాత్రం అలా ఒకవైపుకే పారలేదు మాష్టారూ, ఆ లెక్క మీరు వెయ్యలేదు. మొదట అది ఇంగ్లండ్ నుంచి పోర్చుగల్‌కు నడిచింది. 1950ల మొదట్లో ర్యాండాల్ఫ్ గాలవే స్పోర్టింగ్‌కు వరసగా మూడు లీగ్‌లు గెలిపించాడు. 1970 నుంచి జిమ్మీ హేగన్ బెన్‌ఫికాకు మూడు; వాటిలో 1972–73లో ఆ జట్టు లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1982లో మాల్కమ్ ఆలిసన్ స్పోర్టింగ్‌కు లీగూ కప్పూ రెండూ తెచ్చాడు. వీళ్ల పేర్లు ఇంగ్లండ్‌లో కన్నా లిస్బన్‌లోనే ఎక్కువమందికి గుర్తుంటాయి. తరవాత 1992లో బాబీ రాబ్సన్ వచ్చాడు, అసలు కథ అక్కడుంది. ఆయనకు పోర్చుగీసు రాదు. స్పోర్టింగ్ ఆయనకు ఒక దుబాసీని ఇచ్చింది, సెటూబల్ కుర్రాడు జోసే మొరిన్యో. 1993 డిసెంబర్‌లో, జట్టు లీగ్‌లో పైన ఉండగానే, రాబ్సన్‌ను తీసేశారు. ఆయన పోర్టోకు వెళ్లాడు, దుబాసీని వెంటబెట్టుకునే వెళ్లాడు. మరుసటి రెండు సీజన్లూ, 1995లో, 1996లో పోర్టోదే లీగ్. అనువాదం చేసి చేసి మొరిన్యో ఆటను లోపల్నుంచి నేర్చుకున్నాడు. 2004లో పోర్టోకు ఛాంపియన్స్ లీగ్ గెలిపించి, ఆ వేసవిలోనే చెల్సీకి వెళ్లి, తొలి రెండు సీజన్లూ లీగ్ గెలిపించాడు. ఇంగ్లిష్ గురువు చెప్పిన పాఠాన్ని పోర్చుగీసు శిష్యుడు ఇంగ్లండ్‌కే తిరిగి చెప్పాడు.

ఇంకోటి దీనికన్నా తమాషాది. పోర్టోలో రాబ్సన్ ఉన్న అపార్ట్‌మెంట్‌లోనే ఒక కుర్రాడు ఉండేవాడు, నాయనమ్మ ఇంగ్లిష్ మనిషి కాబట్టి అతనికి ఇంగ్లిష్ ఇంట్లోనే వచ్చింది. డొమింగోస్ అనే పోర్టో ఆటగాణ్ని ఎందుకు ఆడించట్లేదని అంత పెద్దాయనకు ఉత్తరం రాసి అందించాడు. రాబ్సన్ విసుక్కోలేదు. కుర్రాడి లెక్కలు చూసి, చేరదీసి, బ్రిటన్‌లో కోచింగ్ కోర్సులకు దారి చూపించాడు. అతనే ఆండ్రే విలాస్-బోవాస్. 2011లో చెల్సీ కోచ్, ఆ తరవాత టాటెన్‌హామ్ కోచ్. 2024లో, 1982 నుంచీ కుర్చీలో ఉన్న పింటో డ కోస్టాను ఎన్నికలో ఓడించి పోర్టో క్లబ్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఎన్నికలో ఓటేసింది క్లబ్ సభ్యులు, అంటే అభిమానులే. ఈ వరసలో ఏ ప్రభుత్వమూ లేదు, ఏ ఒప్పందమూ లేదు.

మాష్టారు: ఆ ఉత్తరం కథ నాకూ నచ్చింది. కానీ జాగ్రత్త, నువ్వు కోచ్‌ల గురించి చెబుతున్నావు, మన మాట అభిమానుల గురించి. వృత్తిలో ఉన్నవాళ్లు ఎక్కడైనా కలుస్తారు. వడ్రంగి ఇంకో వడ్రంగి ఉలిని చూసి ముచ్చటపడతాడు. చెల్సీ అభిమాని మొరిన్యోను మోసింది పోర్చుగీసు సంస్కృతి మీద మోజుతోనా, కప్పుల మీద మోజుతోనా? కప్పులు లేనిచోట, లాభం లేనిచోట అభిమాని ఏం చేశాడో చూపించు.

విలేకరి: ఓడిన చోటే చూపిస్తాను. 2003లో సెవిల్‌లో యూఏఫా కప్ ఫైనల్, సెల్టిక్ మీద పోర్టో 3–2తో గెలిచింది. గ్లాస్గో నుంచి టికెట్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి దాదాపు 80,000 మంది ఆ ఊరికి వెళ్లారంటారు. ఓడిపోయారు, ఆఖర్లో పోర్టో కాలయాపన మీద మండిపడ్డారు కూడా. అయినా గొడవ లేకుండా తిరిగి వెళ్లారు. ఆ నడవడికి వాళ్లకు ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు వచ్చింది. అసలు సెల్టిక్ వాళ్లకు పోర్చుగల్ అంటే 1967 మే 25. జామోర్‌లో, మీరు చెప్పిన ఆ పది గోల్స్ మైదానంలోనే, ఇంటర్ మిలాన్‌ను 2–1తో ఓడించి యూరోపియన్ కప్ గెలిచిన తొలి బ్రిటిష్ జట్టయింది సెల్టిక్. ఆటగాళ్లంతా గ్లాస్గో చుట్టుపక్కల ముప్పై మైళ్లలో పుట్టినవాళ్లే. వాళ్లను ఈనాటికీ లిస్బన్ సింహాలనే పిలుస్తారు, స్టేడియంలో ఒక స్టాండ్‌కూ ఆ పేరే. ఒక స్కాటిష్ కార్మిక వాడ తన గొప్ప జ్ఞాపకానికి పోర్చుగల్ రాజధాని పేరు పెట్టుకుంది.

మాష్టారు: సెల్టిక్ అభిమానుల్లో చాలామంది ఐర్లండ్ జెండాలు పట్టుకు తిరుగుతారు. వాళ్లను బ్రిటిష్ అంటే వాళ్లే ఒప్పుకోరు. ఇంగ్లండ్‌కు కలిసిరాకపోతే స్కాట్లండ్‌ను ముందుకు తోయకు.

విలేకరి: అయితే ఇంగ్లండ్‌లోనే ఆగుదాం. వుల్వర్‌హాంప్టన్ తీసుకోండి, ఫ్యాక్టరీలు మూతపడి కుంగిన పట్నం. 2017లో నూనో ఎస్పిరిటో సాంటో కోచ్‌గా, రూబెన్ నెవెస్, డియోగో జోటా లాంటి కుర్రాళ్లతో ఆ క్లబ్ సగం పోర్చుగీసుదైపోయింది. ఏజెంట్ జార్జ్ మెండెస్ పలుకుబడి, చైనా యజమానుల డబ్బు దాని వెనక ఉన్నాయని నేనే చెబుతున్నా, మీరు అడగక్కర్లేదు. మరుసటి ఏడాదికే జట్టు ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కింది. జోటా అక్కణ్నుంచి 2020లో లివర్‌పూల్‌కు వెళ్లాడు. 2025 జులై 3న స్పెయిన్‌లో కారు ప్రమాదంలో తమ్ముడు ఆండ్రే సిల్వాతో పాటు పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లకే. పోర్చుగల్‌లోని గోండొమార్‌లో అంత్యక్రియలకు లివర్‌పూల్ కెప్టెన్ వాన్ డైక్, ఆండీ రాబర్ట్‌సన్ చొక్కా ఆకారంలో పేర్చిన పూలు మోసుకుంటూ నడిచారు. ఒకదాని మీద అన్న నంబర్ 20, రెండోదాని మీద తమ్ముడి 30. ఆ తమ్ముడు లివర్‌పూల్‌కు ఏనాడూ ఆడలేదు. క్లబ్ 20ని శాశ్వతంగా పక్కన పెట్టింది. మ్యాచ్‌లో ఇరవయ్యో నిమిషం రాగానే క్లబ్ మైదానం యాన్‌ఫీల్డ్‌లో జనం అతని పాట ఎత్తుకుంటారు. అంతకు ఐదేళ్ల ముందు అతన్ని అమ్మేసిన వుల్వర్‌హాంప్టన్‌లోనూ స్టేడియం బయట పూలు కుప్పపడ్డాయి. అదే ఏడాది నవంబర్‌లో డెన్మార్క్‌ను 4–2తో ఓడించి స్కాట్లండ్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన రాత్రి, కెప్టెన్ రాబర్ట్‌సన్ మొదట తలచుకున్నవాళ్లలో జోటా ఉన్నాడు. ఇద్దరూ ప్రపంచ కప్ గురించి ఎప్పుడూ మాట్లాడుకునేవాళ్లట. గోల్ కొట్టినన్నాళ్లే మనవాడు అన్నారు కదా? ఇతను ఇక ఎన్నటికీ గోల్ కొట్టలేడు.

మాష్టారు: ఆ మాట వెనక్కి తీసుకుంటాను, జోటా విషయంలో అది తప్పు. కానీ నా ప్రశ్న చావలేదు, కాస్త పక్కకు జరిగిందంతే. జోటా మనవాడు, సరే. లండన్‌లోని స్టాక్‌వెల్‌లో, జెర్సీ దీవిలో, అదే థెట్‌ఫర్డ్‌లో హోటల్ గిన్నెలు కడిగేవాడూ, కోళ్ల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే మనిషీ మనవాళ్లయ్యారా? ఒకణ్ని పైకెత్తుకోవడం తేలిక, అతను టీవీలో ఉంటాడు. పక్కింట్లో ఉండేవాళ్లతోనే కష్టం. బ్రెగ్జిట్ ఓటులో జనం తేల్చి చెప్పింది ఆ పక్కింటివాళ్ల గురించేగా? 2021 నుంచి పోర్చుగీసు ఆటగాడికి కూడా ఇంగ్లండ్‌లో ఆడాలంటే పాయింట్ల లెక్కన అనుమతి కావాలి, పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ని తీసుకోవడానికే వీల్లేదు. వారధి మీద గేటు పెట్టింది ఎవరు? శనివారం జోటా పాట పాడినవాళ్లలో కూడా ఆ ఓటేసినవాళ్లు ఉండి ఉంటారు.

విలేకరి: ఉండి ఉంటారు. అభిమానం ఓటును మారుస్తుందని నేను అనలేదు, ఆటకు అంత బరువు మోపను. ఒక పేరును సరిగా పలకడం నేర్చుకుంటారు, గోండొమార్ అనే ఊరు ఎక్కడుందో తెలుసుకుంటారు, ఒక కుటుంబం దుఃఖం తమదనుకుంటారు. పరిచయం దాకానే ఆట తీసుకుపోతుంది. పక్కింటివాళ్ల దాకా పోవాలంటే జీతాలు, ఇళ్ల అద్దెలు, పిల్లల బడులు, ఇవన్నీ కలిసి రావాలి. అది రిఫరీ చేతిలో లేదు. అయితే ఈ పరిచయం లేకపోతే ఆ మిగతా పని సులువవుతుందా, కష్టమవుతుందా అని అడగండి. 1890లో ఒక ఇంగ్లిష్ మనిషికి పోర్చుగీసు పేరు ఒక్కటైనా తెలిసి ఉంటే అది ద్రాక్షసారా సీసా మీద పేరే. ఇవాళ లివర్‌పూల్‌లో ఏ పదేళ్ల పిల్లాణ్ని ఆపినా అరడజను పోర్చుగీసుల పేర్లు చెబుతాడు.

మాష్టారు: పేర్లు తెలియడం నేను కాదనను. నన్ను ఒప్పించాలంటే ఒక పరీక్ష ఉంది. 2006 తరవాత 2024 యూరో దాకా ఏ పెద్ద టోర్నీలోనూ ఈ రెండు దేశాలూ ఎదురుపడలేదు. నువ్వు చెప్పిన నూనో, నెవెస్, జోటా, ఈ పరిచయమంతా పెరిగింది ఆ విరామంలోనే, పరీక్ష లేని కాలంలో. మళ్లీ ఎప్పుడైనా పెనాల్టీల్లో ఇంగ్లండ్ పోర్చుగల్ చేతిలో ఓడనీ. ఆ రాత్రి థెట్‌ఫర్డ్‌లో ఏం జరిగిందో ఫోన్ చేసి చెప్పు.

విలేకరి: చేస్తాను మాష్టారూ. అయితే అద్దాలు పగలని ఊళ్లను కూడా లెక్కలో వెయ్యాలి, ఆ ఊళ్ల పేర్లు మా పేజీలో రావు. ఆ రాత్రి వీధిలో పోలీసులు హెల్మెట్లతో నిలబడ్డారా, లేకుండానా అన్నది కూడా రాసుకుంటాను.

మాష్టారు: రెండూ రాసుకో. ముందు థెట్‌ఫర్డ్.